రామప్ప గుడి చూసి... అడవి దారిన ఓ ఆదివారం!

సెలవులొస్తే పుట్టింటికి, మొక్కుంటే తిరుపతికి. మనకి ఇంకో ఊరే లేదా అని ఎప్పుడైనా అనిపించిందా మీకు? నాకనిపించింది. అందుకే మావారినీ, పిల్లలిద్దర్నీ, మోకాళ్ళ నొప్పులంటూనే అందరికంటే ముందు తయారై కూర్చున్న అత్తయ్యనూ వెంటబెట్టుకుని రామప్పకు వెళ్ళొచ్చాను. హైదరాబాదు నుంచి వరంగల్ మీదుగా సుమారు 210 కిలోమీటర్లు. శనివారం తెల్లవారుజామునే బయలుదేరితే ములుగు జిల్లా పాలంపేటలో ఎండ ముదరకముందే దిగొచ్చు.

1213లో ఈ గుడి కట్టించింది కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు. జనం నోట నిలిచింది మాత్రం శిల్పి రామప్ప పేరే! 2021లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ కట్టడంగా గుర్తించింది. నీళ్ళల్లో తేలే ఇటుకలూ, పునాదిలో నింపిన ఇసుకా... ఈ సంగతులన్నీ గైడు చెబుతాడు లెండి. మీరు మాత్రం చూరు కింద వంపుగా నిలబడ్డ నల్లరాతి మదనికల్ని తీరిగ్గా చూడండి. ఆ హారాలూ, వడ్డాణాలూ చూస్తే కంసాలి చేసినట్టే ఉంటాయి. ఒకావిడ కాళ్ళకి ఎత్తు మడమల చెప్పులు! "చూశావుటే, ఎనిమిది వందల ఏళ్ళ కిందటే వేశారు" అని మా అమ్మాయితో అత్తయ్య ఒకటే నవ్వు. చెప్పులు బయటే విడవాలి కాబట్టి మధ్యాహ్నం బండలు కాలుతాయి. అందరికీ పాత సాక్సులు సంచిలో వేసుకోండి.

చాలామంది ఇక్కణ్ణించే వెనక్కి తిరిగేస్తారు. అలా చేయకండి. పది, పన్నెండు కిలోమీటర్ల దూరంలో ఘనపురం కోటగుళ్ళు ఉన్నాయి. రామప్ప కాలంవే. పెద్ద గుడి చుట్టూ ఇరవైకి పైగా చిన్న గుళ్ళు, చాలావాటికి పైకప్పు లేదు, గోడలు ఒరిగిపోయాయి. మేం వెళ్ళినప్పుడు జనమూ లేరు, హడావుడీ లేదు. రామప్పలో ఫొటోలకే సరిపోయిన పిల్లలు ఇక్కడ రాళ్ళ మధ్య అరగంట కూర్చున్నారంటే నమ్ముతారా? రాళ్ళ మీదికి ఎక్కనివ్వకండి. కొన్ని వదులుగా ఉంటాయి.

ఆ రాత్రి ములుగు దగ్గరే ఉండి (గది ముందే చెప్పిపెట్టుకోండి), ఆదివారం పొద్దున్నే తాడ్వాయి దారి పట్టాం. ఇది ఏటూరునాగారం అభయారణ్యం. టేకు, ఇప్ప చెట్ల మధ్య తారురోడ్డు. దుప్పులు, అడవిదున్నలు, ఎలుగుబంట్లు ఉన్నా అవి మన కోసం రోడ్డు పక్కన నిలబడవు. మాకు కనిపించినవి నాలుగు చుక్కల దుప్పులు, అదీ అర నిమిషం. 2024 ఆగస్టు చివర్లో వచ్చిన పెనుగాలికి ఈ అడవిలో వేల చెట్లు కూకటివేళ్ళతో పడిపోయాయి.

ఇక నా తప్పు చెప్పుకోవాలి. రోడ్డు పక్కన కోతులు కనిపిస్తే "పాపం, ఆకలేమో" అని కారాపి, చిన్నాడి చేతికి అరటిపండిచ్చాను. ఒకటి పండందుకునేలోపు ఇంకోటి నా పులిహోర డబ్బా మీదికి దూకింది. వాడి మణికట్టు మీద గోటి గీత, సన్నగా నెత్తురు. నా గుండె జారిపోయింది. పసుపు అద్దబోతుంటే మావారు ఆపారు. కోతి గీరినా, కరిచినా పసుపూ, కారం పెట్టకూడదట. పారే నీళ్ళ కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, వెంటనే ఆస్పత్రికి వెళ్ళి రేబిస్ టీకా వేయించాలి. మొదటిది ఆ రోజే వేశారు, మిగతావి నెలలోపు పూర్తి చేశాం. వాడు ఇప్పుడు బాగానే ఉన్నాడు. "నువ్వే పెట్టమన్నావుగా అమ్మా" అన్నమాట మాత్రం ఇంకా చెవిలో ఉంది. మనం పెట్టే తిండికి అలవాటుపడి అవి రోడ్డెక్కుతాయి, లారీల కింద పడతాయి.

అందుకని తినడం అడవిలోకి వెళ్ళకముందే కానివ్వండి. సకినాలు, చపాతీలు, దద్దోజనం మూత గట్టిగా ఉన్న స్టీలు డబ్బాల్లో సర్దండి. ప్లాస్టిక్ కవర్లు వద్దు, ఉప్పు వాసనకి దుప్పులు అవీ నమిలేస్తాయి. ఖాళీ సంచి ఒకటి ఉంచుకుని చెత్తంతా ఇంటికే తెచ్చేయండి. రెండేళ్ళకోసారి మేడారం జాతర జరిగే రోజుల్లో ఈ దారి పెట్టుకోకండి, రద్దీలో కారు కదలదు.

ఆదివారం రాత్రి ఇల్లు చేరేసరికి పొయ్యి వెలిగించే ఓపిక ఉండదు. శుక్రవారమే దోసెల పిండి రుబ్బి ఫ్రిజ్‌లో పెట్టేసి బయలుదేరండి. పోసేది మాత్రం మీవారే అని ముందే మాట తీసుకోండి సుమా!