కండోమ్‌తో నూనె వాడరాదు: లూబ్రికెంట్ ఎంపికలో పాటించవలసిన జాగ్రత్తలు

హెచ్.ఐ.వి., సుఖవ్యాధుల నివారణలో కండోమ్ ప్రాధాన్యం అందరికీ విదితమే. కుటుంబ నియంత్రణ కార్యక్రమంలో భాగంగా 1968లో దేశంలో ‘నిరోధ్’ను ప్రవేశపెట్టిన నాటి నుండి కండోమ్ వినియోగంపై విస్తృత ప్రచారం జరుగుతూ వచ్చింది. అయితే సంపర్క సమయంలో ఒరిపిడిని తగ్గించేందుకు కండోమ్‌తో పాటు వాడే లూబ్రికెంట్ గురించి చెప్పేవారు అరుదు. బిడియం వల్ల ఈ విషయాన్ని దాటవేయడంతో, ఇంట్లో చేతికందిన కొబ్బరినూనెనో, వాజిలీన్‌నో వాడి, రక్షణ ఉన్నదన్న నమ్మకంతోనే ప్రమాదానికి లోనయ్యేవారు ఉంటారు.

కండోమ్‌లలో అత్యధికం సహజ రబ్బరు పాలతో, అనగా లాటెక్స్‌తో తయారవుతాయి. నూనె ఈ రబ్బరులోకి ఇంకి, దానిని ఉబ్బజేసి, పటుత్వాన్ని దెబ్బతీస్తుంది. మినరల్ ఆయిల్ తగిలిన 60 సెకన్లలోనే లాటెక్స్ కండోమ్ దృఢత్వం సుమారు 90 శాతం తగ్గినట్లు 1989లో ప్రచురితమైన ఒక ప్రయోగశాల పరిశోధన వెల్లడించింది. ఈ నష్టం కంటికి కనిపించకపోవచ్చు. అందుచేత కొబ్బరినూనె, నువ్వులనూనె, వెన్న, నెయ్యి, తలనూనెలు, బేబీ ఆయిల్, పెట్రోలియం జెల్లీ, కోల్డ్ క్రీములను లాటెక్స్ కండోమ్‌తో కలిపి వాడరాదు. యోనిలో వాడే కొన్ని ఔషధ క్రీములలోనూ నూనె ఉంటుంది కనుక వాటి లేబుల్‌ను పరిశీలించాలి. నైట్రైల్‌తో తయారైన స్త్రీల కండోమ్‌లకు మాత్రం నూనె వల్ల ఈ హాని ఉండదు.

లాటెక్స్ కండోమ్‌తో నిరభ్యంతరంగా వాడదగినవి రెండు రకాలు. మొదటిది నీటి ఆధారిత జెల్. ఇది సులభంగా కడిగివేయదగినది. అయితే త్వరగా ఆరిపోతుంది కనుక అవసరాన్ని బట్టి మరల రాయాలి. రెండవది సిలికోన్ ఆధారితం. ఇది ఎక్కువసేపు నిలుస్తుంది. దీనిని ‘సిలికోన్ ఆయిల్’ అని పిలిచినప్పటికీ, లాటెక్స్‌కు హాని చేయదు. కండోమ్‌లపై తయారీలోనే పూసే ద్రవం సాధారణంగా ఇదే.

నీటి ఆధారితమైనవన్నీ సమానం కావన్నది గమనార్హం. ద్రవం గాఢత అధికమైతే అది శరీర కణాల నుండి నీటిని లాగివేసి, లోపలి సున్నితమైన పొరను దెబ్బతీయగలదు. ఈ గాఢత కిలోకు 1,200 మిల్లీఆస్మోల్‌కు మించరాదని, 380 లోపు ఉండటం మేలని 2012లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఐక్యరాజ్య సమితి జనాభా నిధి సూచించాయి. యోనిలో వాడేవాటి పి.హెచ్. సుమారు 4.5, మలద్వారంలో వాడేవాటిది 5.5 నుండి 7 మధ్య ఉండాలని పేర్కొన్నాయి.

వీర్యకణ నాశని అయిన నోనాక్సినాల్-9 కలిసిన ఉత్పత్తులను హెచ్.ఐ.వి. నివారణకు వాడరాదు. ఈ రసాయనాన్ని తరచుగా వాడితే లోపలి పొర దెబ్బతిని, హెచ్.ఐ.వి. సోకే అవకాశం పెరగవచ్చు. 2001 అక్టోబరులో జెనీవాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏర్పాటు చేసిన నిపుణుల సమావేశం ఈ అంశాన్ని సమీక్షించింది.

మలద్వారంలో సహజమైన తడి ఉండదు కనుక అటువంటి సంపర్కంలో లూబ్రికెంట్ తప్పనిసరి. ప్రసవానంతరం, పాలిచ్చే కాలంలో, ముట్లుడిగిన తరువాత పొడితనం గల స్త్రీలకు సైతం ఇది ఉపయుక్తం. కండోమ్ తొడిగిన తరువాత దాని వెలుపలి భాగానికి ధారాళంగా రాయాలి. లోపల ఎక్కువగా రాస్తే కండోమ్ జారిపోవచ్చు. ఉమ్మి త్వరగా ఆరిపోవడమే గాక కొన్ని అంటువ్యాధులను చేరవేయగలదు.

లూబ్రికెంట్ కండోమ్‌కు తోడే గాని ప్రత్యామ్నాయం కాదు. కండోమ్ చిరిగినచో జాప్యం చేయక వైద్యుని సంప్రదించాలి. హెచ్.ఐ.వి. సోకకుండా ఇచ్చే మందులు అవసరమైతే వాటిని 72 గంటలలోగా, సాధ్యమైనంత త్వరగా ప్రారంభించవలసి ఉంటుంది. సందేహాల నివృత్తికి జాతీయ ఎయిడ్స్ ఉచిత సహాయవాణి 1097ను సంప్రదించవచ్చు.

కండోమ్ పంపిణీ చేసే సిబ్బంది ‘నూనె వద్దు’ అన్న రెండు మాటలు తప్పక చెప్పినచో, పత్రికలు సంకోచం లేకుండా రాసినచో, ప్రజల చేతిలోనే ఉన్న రక్షణ వృథా కాకుండా నిలుస్తుంది.