ఆగి సాగే పనులు, మరల మరల వచ్చే పనులు

కాలాన్ని కంటికి కనిపించేలా విభజించడం మన పంచాంగకర్తలకు తెలిసిన విద్యే. దినమంతటినీ ఒకే ముద్దగా చూపక, వర్జ్యం ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తుందో, రాహుకాలం ఏ వారం ఏ వేళకు వస్తుందో పంచాంగం వేరుచేసి చెబుతుంది. ఆధునిక నిర్మాణరంగంలో ఇంచుమించు ఈ పనిని నిర్వర్తించేది గాంట్ పటం. పోలండ్ ఇంజనీరు కరోల్ ఆదమియెత్స్కీ 1896లోనే ఇటువంటి పటాన్ని రూపొందించినా, 1910వ దశకంలో దీనికి ప్రాచుర్యం కల్పించినవాడు అమెరికా ఇంజనీరు హెన్రీ గాంట్. నిలువుగా పనుల పేర్లు, అడ్డంగా తేదీలు, ప్రతి పనికీ ఒక పట్టీ: ఇదే దాని స్వరూపం.

అయితే అఖండమైన పట్టీ ఒక భ్రమను కలిగిస్తుంది. మొదలైన పని ముగిసేదాకా ఆగదని అది సూచిస్తుంది. కువైట్‌లోని సులైబియా వంటి చోట ఈ భ్రమ ప్రమాదకరం. 2015లో వెలువడిన నిర్ణయం ప్రకారం ఆ దేశంలో జూన్ 1 నుండి ఆగస్టు 31 వరకు, ఉదయం 11 నుండి సాయంత్రం 4 గంటల దాకా ఆరుబయట ఎండలో పని నిషిద్ధం. ఒక కందకం త్రవ్వడానికి 40 గంటలు కావాలనుకుందాం. ఉదయం 5 నుండి 11 వరకు, సాయంత్రం 4 నుండి 6 వరకు పనిచేస్తే రోజుకు 8 గంటలు; మొత్తం 5 రోజులు. పటంలో ఇది ఒక్క పట్టీ కాదు, చుక్కల గీతతో కలిపిన 10 ముక్కలు. ఆ ఖాళీలను చూపకపోతే మధ్యాహ్నాన్ని కూడా పనివేళగా లెక్కించి, తరువాతి పనిని ముందుకు జరుపుతారు. ఆలస్యమైనప్పుడు ఆ ఒత్తిడి మండుటెండలో నిలిచిన కూలీ మీదనే పడుతుంది.

అన్ని పనులనూ ఇలా విడగొట్టరాదు. కాంక్రీటు పోత నడుమ ఆగితే, గట్టిపడిన పొరతో కొత్త పొర సరిగా అతకదు. 8 గంటల పోతను ఉదయం 7కు కాక, సాయంత్రం 4కు ఆరంభించి అర్ధరాత్రికి ముగించాలి. ఏ పట్టీ విరగవచ్చునో, ఏది విరగరాదో పటమే చెప్పాలి.

ఇక పునరావృత కార్యాలు. సులైబియాలో 2004లో ప్రారంభమైన మురుగునీటి శుద్ధి కేంద్రం రోజుకు 3,75,000 ఘనమీటర్ల సామర్థ్యంతో రూపొందింది. అందులో అల్ట్రాఫిల్ట్రేషన్, రివర్స్ ఆస్మోసిస్ పొరలు నీటిని వడగడతాయి. ఇటువంటి పొరలపై సూక్ష్మజీవులు, లవణాలు పేరుకొంటాయి కనుక రసాయనాలతో కడగడం తప్పదు. పది యూనిట్లను ఏడాదికి నాలుగుసార్లు కడగాలనుకుంటే, ఒక్కొక్క కడుగుకు ఒక్కొక్క వరుస చొప్పున 40 వరుసలై పటం చదవరానిదవుతుంది. యూనిట్‌కు ఒక వరుస కేటాయించి, దానిపై నాలుగు చిన్న పట్టీలు గీస్తే పది వరుసలు చాలు. రెండు యూనిట్లు ఒకేనాడు ఆగిపోయే ప్రమాదం కూడా వెంటనే కంటబడుతుంది.

పొరలకు మాత్రం తేదీలు తెలియవు. ప్రమాణీకరించిన నీటి ప్రవాహం 10 నుండి 15 శాతం తగ్గినప్పుడు వాటిని కడగడం పరిశ్రమలో పరిపాటి. కాబట్టి అనుకున్న తేదీకి బోలు గుర్తు, నిజంగా కడిగిన తేదీకి నిండు గుర్తు పెట్టడం మేలు. రెండింటి నడుమ దూరం క్రమంగా తగ్గుతున్నదో పెరుగుతున్నదో గమనిస్తే, పొరల ఆరోగ్యం ముందుగానే తెలుస్తుంది.

పనిని ఉన్నది ఉన్నట్లు చూపినప్పుడే పటం పథకమవుతుంది. విరామాన్ని దాచిన పటం గోడకు అలంకారమే తప్ప పనివానికి ఆసరా కాజాలదు.