నాటకంలో తానీషా, గోల్కొండలో తానీషా

అక్కలారా, రామదాసు నాటకం మీరు చూసే ఉంటారు. అందులో తానీషా రామదాసును చెరసాలలో వేస్తాడు. చివరికి రామలక్ష్మణులు వచ్చి పైకం కడతారు. తానీషా రామదాసును విడిచిపెడతాడు.

ఈ తానీషా నిజంగా ఉన్నాడు. అసలు పేరు అబుల్ హసన్ కుతుబ్‌షా. 1672లో గోల్కొండ గద్దె ఎక్కాడు. ఆ వంశంలో ఆయనే ఆఖరి రాజు.

రామదాసు అసలు పేరు కంచెర్ల గోపన్న. పాల్వంచ పరగణాకు తహసీల్దారు. శిస్తు డబ్బుతో భద్రాచలం గుడి కట్టించాడని చెప్తారు. ఆ డబ్బు ఎవరిది? రైతులు కట్టింది. రాజు లెక్క అడగడం తప్పని నేననను. పన్నెండేళ్ల చెర మాత్రం ఎక్కువే.

తానీషా మతం చూసి కొలువు ఇయ్యలేదు. మాదన్న అనే బ్రాహ్మణుణ్ణి పెద్ద మంత్రిని చేశాడు. మాదన్న, అక్కన్న అన్నదమ్ములు. గోపన్న వాళ్ల మేనల్లుడంటారు. మన మహేశ్వరం శివగంగ గుడిని ఆ అన్నదమ్ములే కట్టించారని పెద్దలు చెప్తారు.

1686లో ఆ ఇద్దరినీ గోల్కొండలోనే చంపేశారు. మరుసటి ఏడు మొగలు పాదుషా ఔరంగజేబు కోటను ముట్టడించాడు. ఎనిమిది నెలలు కోట లొంగలేదు. ఆఖరికి లోపలి సర్దారు ఒకడు లంచం తిని రాత్రిపూట తలుపు తీశాడు.

తానీషా పట్టుబడ్డాడు. ఆయనను దౌలతాబాదు కోటలో బందీగా పెట్టారు. సుమారు 12 ఏళ్లు అక్కడే ఉండి చనిపోయాడు. ఆయన కోసం పైకం కట్టేవాళ్లు ఎవరూ రాలేదు.

గోల్కొండ దగ్గర కుతుబ్‌షాహీల గుంబజులు చూశారా? తానీషా సమాధి అక్కడ లేదు. మహారాష్ట్రలోని ఖుల్దాబాదులో ఉంది.