తాళం చేతికిచ్చాక...

హోటల్ ర్యాంపు ఎక్కుతూ ఇంజన్ గట్టిగా అరుస్తుంది. వెనకాలే కాలిన వాసన. టోకెన్ పట్టుకుని పోర్టికోలో నిలబడ్డ యజమాని గుండె ఝల్లుమంటుంది. గేర్ల కారును వ్యాలెట్ కుర్రాడికి అప్పగించడమంటే కాస్త గుండె దిటవుండాలి మరి. బ్రేకు వేయకుండా క్లచ్ సగం నొక్కి ఏటవాలు మీద బండిని నిలిపితే ప్లేటు జారి, వేడెక్కి, అరిగిపోతుంది. అది బయటపడేది ఎప్పటికో. అప్పుడు ఎవరి కాలిని తప్పుపట్టాలి?

ఆ లెక్కన దొంగతనమే నయం, కనీసం కోర్టులో నిలుస్తుంది. 1998 ఆగస్టులో ఢిల్లీలోని ఓ స్టార్ హోటల్లో వ్యాలెట్‌కు అప్పగించిన మారుతీ జెన్‌ను, డెస్కు మీది తాళాలు తీసుకుని ఎవరో దర్జాగా నడుపుకుపోయారు. యజమానికి రూ.2.80 లక్షలు చెల్లించిన బీమా సంస్థ హోటల్‌పై కేసు వేసింది. పార్కింగ్ ట్యాగ్ మీద 'యజమానిదే బాధ్యత' అని ఉందిగా అన్నది హోటల్ వాదన. తాళం పుచ్చుకున్నాక కారును జాగ్రత్తగా తిరిగి అప్పగించాల్సిందేననీ, ఆ రాత నిర్లక్ష్యాన్ని కాపాడదనీ సుప్రీంకోర్టు 2019 నవంబరులో తేల్చింది. అప్పటికి 21 ఏళ్లు గడిచాయి.

క్లచ్ ప్లేటుకు ఆ పాటి సాక్ష్యం కూడా ఉండదు. తాళం ఇచ్చేముందు ఓడోమీటర్‌ను ఫొటో తీసుకునే జాగ్రత్తపరులున్నారు. దాంతో బండి ఎంత దూరం తిరిగిందో తెలుస్తుంది, అంతే.