ఒకే రొమ్మున రెండు వ్యాధులు

నూర్పిళ్లకాలము రాగానే మన గ్రామములలో దగ్గును ఆయాసమును హెచ్చుట సభ్యులెల్లరు ఎఱిగినదే. నలువదియేండ్లు దాటినవానికి ఆయాసము వచ్చినచో కొందఱు ఉబ్బసమందురు. చుట్ట కాల్చువాడైనచో పొగదగ్గందురు. ఇవి రెండును వేఱు వేఱు వ్యాధులు. అయితే రెండును ఒకే మనుష్యుని రొమ్మున కూడియుండవచ్చునను సంగతి తెలిసినవారు తక్కువ. అది తెలియక కొందఱు తమకు అత్యవసరమైన మందునే మానుకొని ప్రాణముమీదికి తెచ్చుకొనుచున్నారు. కావున దీనిని గూర్చి కొంత వివరముగా వ్రాయుచున్నాము.

ఊపిరితిత్తులలోని గాలిగొట్టములను పంటకాలువలతో పోల్చి చూతము. ఉబ్బసమున గొట్టపు లోపలి పొర వాచి, చుట్టునుగల కండరములు బిగిసికొనును. ఇది తూము తలుపు మూతపడుట వంటిది. తలుపెత్తిన నీరు మరల పాఱును. అందుచేతనే ఉబ్బసరోగి రాత్రియంతయు కూర్చుండి తెల్లవార్చినను, మఱునాడు పొలము దున్నగలడు. ఇది తఱచు చిన్ననాటనే మొదలగును. రెండవదానిని వైద్యులు సి.ఓ.పి.డి. అందురు. ఏండ్లతరబడి పొగ పీల్చుటచే చిన్న గొట్టములు మందమెక్కి ఇఱుకగును, గాలితిత్తుల గోడలు చితికిపోవును. ఇది కాలువ పూడి గట్లు కూలుట వంటిది. మొదట బస్తా మోయునప్పుడు, పిదప గట్టెక్కునప్పుడు, తుదకు చొక్కా తొడుగుకొనునప్పుడే ఆయాసము వచ్చును.

ఇక తూమును మూతపడి, పూడికయు పేరుకొన్నచో? చిన్ననాట ఉబ్బసముండి, ముప్పదియేండ్లు చుట్ట కాల్చినవాని స్థితి యిట్టిది. చుట్ట ముట్టని స్త్రీలకును ఇది రావచ్చును. పిడకలు, కట్టెలు మండించు పొయ్యి యెదుట గడపిన యేండ్లును లెక్కకు వచ్చును. వంటయింటికి పొగగొట్టమైనను పెట్టనివారు ఆడువారి దగ్గును కర్మమనుట మాకు సమ్మతము కాదు. సరిగా మందు వాడని ఉబ్బసమే కాలక్రమమున గొట్టములను శాశ్వతముగా ఇఱుకు చేయుటయు కలదు. రెండును కూడినవారు, ఒక్కటియే యున్నవారికంటె తఱచుగా ఆసుపత్రి పాలగుదురు.

దీనిని తేల్చుటకు స్పైరోమెట్రీ అను ఊదు పరీక్ష కలదు. నిండుగా పీల్చి, గొట్టములోనికి బలముగా ఊదవలెను. వెలువడిన మొత్తము గాలిలో మొదటి సెకనున వచ్చినది నూటికి 70 వంతులకు తగ్గినచో గొట్టములు ఇఱుకైనవని భావింతురు. పిదప మందు పీల్పించి, పావుగంట తరువాత మరల ఊదింతురు. మొదటి సెకను గాలి 200 మిల్లీలీటర్లకును, నూటికి 12 వంతులకును మించి పెరిగినచో తూము కొంత తెఱచుకొన్నదన్నమాట. అయినను 70 వంతులకు చేరకున్నచో పూడికయు నున్నదని అనుమానింపవలెను. ఒక్క పరీక్షతోనే తేలదు. రోగి పూర్వచరిత్రయు రక్తములోని ఇసినోఫిల్ కణముల లెక్కయు చూతురు. రెండు వారములకు మించిన దగ్గునకు ముందుగా కఫపరీక్ష చేయించి, క్షయ లేదని తెలిసికొనవలెను.

ఈ కలయికకు పేరు పెట్టుటలో వైద్యులకే ఏకాభిప్రాయము లేదు. గీనా, గోల్డ్ అను అంతర్జాతీయ సంఘములు 2014లో కలసి దీనికొక ప్రత్యేకనామము నిచ్చినవి. 2020లో గోల్డ్ వారు ఆ పేరు విడిచి, ఇవి రెండు వేఱు వ్యాధులనియే నొక్కి చెప్పిరి. పేరు సంగతి వారు తేల్చుకొందురు గాక. రైతునకు కావలసినది మందు.

ఉబ్బసమునకు మూలౌషధము వాపును తగ్గించు స్టీరాయిడు పీల్చుమందు. సి.ఓ.పి.డి.కి ముందుగా ఇచ్చునవి గొట్టములను వదులుచేయు మందులు. వారిలో అందఱికిని స్టీరాయిడు అక్కఱలేదు. ఉబ్బసముకూడ నున్నవాడు స్టీరాయిడు మాని, వదులుచేయు మందు మాత్రమే పీల్చినచో ఊపిరి తేలికపడినట్లు తోచును గాని లోపలి వాపు అణగదు. ఒకనాటి రాత్రి గొట్టములు హఠాత్తుగా మూసికొనవచ్చును. కావున చిన్ననాట ఉబ్బసముండిన సంగతి వైద్యుడు అడుగకున్నను చెప్పవలెను. చీటీలో సి.ఓ.పి.డి. అని వ్రాసినంత మాత్రమున ఊరకుండరాదు.

పీల్చుమందు అలవాటుపడునని భయపడి మానువారే తఱచు స్టీరాయిడు సూదులు వేయించుకొనుట విచిత్రము. పీల్చుమందు మోతాదు మైక్రోగ్రాములలో నుండి నేరుగా ఊపిరితిత్తులకు పోవును; పీల్చిన పిమ్మట నోరు పుక్కిలింపవలెను. మాటిమాటికి వాడు సూదులును మాత్రలును ఒడలంతట వ్యాపించి మధుమేహమును, ఎముకల బలహీనతను తేగలవు. మృగశిరకార్తెకు హైదరాబాదునకు చేపమందునకై పోవువారును ఇన్హేలరును సంచిలో పెట్టుకొనియే పోవలెను.

చుట్ట మానుట అన్నిటికంటె ముందు చేయవలసినది. ఆయాసమున్నవారు కల్లమునకు దూరముగా నుండుట మేలు. తప్పనిచో గాలివాలున నిలువక, ఎన్-95 మాస్కు కట్టుకొనవలెను. ఊదు పరీక్షకు పోవు సభ్యులు వాడుచున్న మందులన్నిటిని వెంట తీసికొనిపోయి, ఇన్హేలరు పీల్చు విధమును వైద్యుని యెదుట చేసి చూపవలెను. ఏలయన, మందు సరియైనదే యైనను పీల్చుట తప్పగుటచే గుణము కానరానివారు అనేకులు.