పన్నెండు శాలువాల లెక్క

మీరు ఎప్పుడైనా ఒక పెద్ద పని మొదలుపెట్టి మధ్యలో వదిలేశారా? ఎంత అయిందో, ఇంకా ఎంత ఉందో తెలియక మనలో చాలామంది అలా వదిలేస్తాం. లెక్క రాసుకుంటే ఆ పని ఎలా నడుస్తుందో ఒక పెద్దమ్మ సంగతి చదివి తెలుసుకుందాం.

మా ఊరు ఆదిలాబాద్ జిల్లాలో ఉంది. మా వైపు చలి ఎక్కువ. జిల్లాలో 5 డిగ్రీల కంటే కిందికి దిగిన రాత్రులు కూడా ఉన్నాయి. మా చదువు కేంద్రానికి వచ్చే పెద్దమ్మకు ఊలు అల్లడం వచ్చు. చిన్నప్పుడు మహిళా మండలిలో నేర్చుకుంది. ఆమె తల్లి వేరే ఊళ్లో ఒంటరిగా ఉండేది. చివరి చలికాలం గోనెసంచి కప్పుకొని గడిపింది. తల్లి పోయిన తర్వాతే పెద్దమ్మకు ఈ సంగతి తెలిసింది.

"పది ఇండ్లకు స్వెట్టర్లు అల్లిచ్చిన. మా అవ్వకు ఒక్క శాలువా అల్లలేదు బిడ్డా" అని ఒకరోజు నాతో అన్నది.

మా వాడలో ఒంటరిగా ఉండే ముసలమ్మలు 12 మంది. తలా ఒక శాలువా అల్లి ఇవ్వాలని పెద్దమ్మ అనుకుంది. అది ఒక నెలలోనో, ఒక ఏడాదిలోనో అయ్యే పని కాదు.

నేత వేరు, అల్లిక వేరు

గొంగడిని మగ్గం మీద నేస్తారు. దానికి నిలువు పోగులు, అడ్డ పోగులు రెండూ కావాలి. అల్లికకు మగ్గం అక్కర్లేదు. రెండు సూదులు, ఊలు ఉంటే చాలు. ఒకే దారాన్ని ఉచ్చులు ఉచ్చులుగా కలుపుతూ పోతారు. సూది మీద ఉండే ఒక్కొక్క ఉచ్చును కుట్టు అంటాం. ఒక సూది మీది కుట్లన్నీ రెండో సూది మీదికి వస్తే ఒక వరస అయినట్టు. ఉచ్చుల మధ్య గాలి నిలుస్తుంది. ఆ గాలి ఒంటి వేడిని తొందరగా బయటికి పోనివ్వదు. అందుకే ఊలు శాలువా వెచ్చగా ఉంటుంది.

మొదటి శాలువాలో ఏం జరిగింది?

పెద్దమ్మ అల్లేది మూడు మూలల శాలువా. 7 కుట్లతో మొదలుపెడుతుంది. ప్రతి రెండు వరసలకు 4 కుట్లు పెంచుతుంది. 100 వరసలు అయ్యేసరికి సూది మీద 207 కుట్లు ఉంటాయి. 200 వరసలకు 407 కుట్లు అవుతాయి. అక్కడితో శాలువా పూర్తి.

మొదటిసారి ఆమె 50 గ్రాముల ఉండ ఒకటి తెచ్చి మొదలుపెట్టింది. ఆ ఉండ అయిపోయే వేళకు 100 వరసలు దాదాపు పూర్తయ్యాయి. "సగం అయింది గదా, ఇంకో రెండు ఉండలు తెస్తే మిగులుతది" అనుకుంది. రెండు తెచ్చింది. 165 వరసల దగ్గర ఊలు అయిపోయింది.

ఎందుకని? మొదటి వరసలు పొట్టివి. చివరి వరసలు పొడుగువి. మొదటి 100 వరసల్లో సుమారు 10,700 కుట్లు పడతాయి. మొత్తం 200 వరసల్లో సుమారు 41,400 కుట్లు పడతాయి. అంటే సగం వరసలు అయినప్పుడు పని నాలుగో వంతే అయింది. ముప్పావు వంతు ఇంకా మిగిలే ఉంది.

పెద్దమ్మ మళ్లీ పట్నం పోయి ఇంకో రెండు ఉండలు తెచ్చింది. అదే గోధుమ రంగు అడిగింది. ఇంటికి వచ్చి అల్లితే అంచు వేరే రంగుగా కనబడింది. ఊలును విడతలు విడతలుగా రంగు వేస్తారు. ఒక విడతకూ ఇంకో విడతకూ రంగులో కొంచెం తేడా వస్తుంది. అందుకే ఉండ చుట్టూ ఉన్న కాగితం మీద రంగు నంబరు, లాట్ నంబరు వేస్తారు. రెండు నంబర్లూ కలవాలి. అప్పటికి ఆమెకు అంకెలు చదవడం రాదు.

నోటుపుస్తకంలో మూడు సంగతులు

తర్వాతి ఏడాది పెద్దమ్మ మా కేంద్రానికి వచ్చింది. అంకెలు నేర్చుకుంది. ఒక నోటుపుస్తకం పెట్టుకుంది. దానిలో మూడు సంగతులు రాస్తుంది.

ఒకటి, ఊలు. ఒక శాలువాకు 5 ఉండలు. ఐదూ ఒకేసారి, ఒకే లాట్ నంబరువి కొంటుంది. నంబరు రాసుకుంటుంది.

రెండు, వరసలు. 10 వరసలు కాగానే ఒక గీత గీస్తుంది. 20 గీతలు వస్తే ఒక శాలువా.

మూడు, రోజులు. ఆమె నిమిషానికి సుమారు 20 కుట్లు అల్లుతుంది. చివరి వరస ఒక్కటే 20 నిమిషాలు పడుతుంది. రోజుకు అరగంట అల్లితే ఒక శాలువాకు సుమారు 70 రోజులు కావాలి. నాట్లప్పుడు, పత్తి ఏరేటప్పుడు సూదులు పట్టే తీరిక ఉండదు. అందుకని ఏడాదికి 3 శాలువాలు అని పెట్టుకుంది. 12 శాలువాలకు 4 ఏండ్లు.

జాబితా మారింది

ముందు ఆమె ఇండ్ల వరసన పేర్లు రాసుకుంది. వాడ మొదట్లో ఉన్న అవ్వకు మొదటి శాలువా, చివర ఉన్న అవ్వకు చివరి శాలువా. ఐదో శాలువా సూదుల మీద ఉండగా, చలికాలంలో తొమ్మిదో పేరు గల అవ్వ చనిపోయింది. అందరిలో ఆమే పెద్దది.

ఆ రాత్రి పెద్దమ్మ కేంద్రానికి వచ్చి నోటుపుస్తకం నా ముందు పెట్టింది. "ఇండ్ల వరస కాదు బిడ్డా, వయసు వరస రాయాలె. మా అవ్వ దగ్గర చేసిన తప్పే మళ్ల చేసిన" అన్నది. ఇద్దరం కూర్చొని మిగిలిన పేర్ల పక్కన వయసు రాశాం. పెద్దవాళ్లను పైకి తెచ్చాం. తొమ్మిదో పేరును మాత్రం ఆమె కొట్టెయ్యలేదు. దాని పక్కన ఏమీ రాయకుండా అలాగే ఉంచింది.

మంట దగ్గర జాగ్రత్త

ఊలు అని అమ్మేదంతా గొర్రె ఊలు కాదు. అక్రిలిక్ అనే కృత్రిమ దారం కూడా ఊలు పేరుతోనే దొరుకుతుంది. చిన్న పోగు తీసి, ఆరుబయట, పట్టకారుతో పట్టుకొని కాల్చి చూడండి. గొర్రె ఊలు వెంట్రుకలు కాలిన వాసన వస్తుంది. బూడిదను నలిపితే పొడి అవుతుంది. అక్రిలిక్ కరిగి, చల్లారాక గట్టి పూసలా అవుతుంది. కరిగిన దారం చర్మానికి అంటుకుంటే గాయం పెద్దదవుతుంది. ముసలివాళ్లు శాలువా కప్పుకొని చలిమంట దగ్గర కూర్చుంటారు. కొంగు మంటకు దూరంగా ఉందో లేదో ఇంట్లోవాళ్లు, పక్కింటివాళ్లు చూడాలి.

ఇప్పటికి 8 శాలువాలు అయ్యాయి. తొమ్మిదోది సూదుల మీద ఉంది. నిన్నటికి 11 గీతలు. సగం దాటింది గదా అని నేను అంటే పెద్దమ్మ నవ్వింది. "వరసలు సగం దాటినయి. పని ఇంకా శానా ఉన్నది" అన్నది.

మీరు చేయండి

1. ఒక శాలువాకు 5 ఉండలు. 12 శాలువాలకు ఎన్ని ఉండలు కావాలి?

2. ఒక ఉండ 50 గ్రాములు. ఆ ఊలు మొత్తం ఎన్ని కిలోలు?

3. మీరు చాలా రోజులుగా చేయాలనుకుంటున్న పని ఒకటి రాయండి. రోజుకు ఎంత చేయగలరో దాని పక్కన రాయండి. ఎవరి కోసం చేస్తున్నారో, వాళ్ల వయసు ఎంతో కూడా రాయండి.