చేతికెక్కే అదురు: అపోహలు – వాస్తవాలు

పొద్దంతా చిప్పింగ్ మిషన్ పట్టిన కూలీ రాత్రి అన్నం ముందు కూర్చుంటే, ముద్ద కలిపే వేళ్లలో చీమలు పాకుతున్నట్టు ఉంటుంది. చొక్కా గుండీ పెట్టుకోవడానికి రెండుమూడు సార్లు తడుముకోవాలి. జేబులో చేయి పెట్టి, చూడకుండానే నట్టేదో వాషరేదో చెప్పగలిగిన మనిషికి కొన్నేళ్లు గడిచేసరికి ఆ తేడా తెలియకుండా పోతుంది. యంత్రం అదురు పిడి గుండా చేతిలోకి ఎక్కి వేళ్ల చివరి నరాలనూ, సన్నని రక్తనాళాలనూ, కీళ్లనూ దెబ్బతీయడం వల్ల వచ్చే ఈ జబ్బును వైద్యులు హ్యాండ్ ఆర్మ్ వైబ్రేషన్ సిండ్రోమ్ అంటారు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2010లో సవరించిన వృత్తి వ్యాధుల జాబితాలో కంపనం వల్ల వచ్చే జబ్బులూ ఉన్నాయి. మన సైట్లలో మాత్రం దీని గురించి వినిపించే మాటలన్నీ భారాన్ని కూలీ ఒంటి మీదికే నెడతాయి: ఓర్చుకో, గ్లవ్స్ వేసుకో, గట్టిగా పట్టుకో. వాటిని ఒక్కొక్కటే పరీక్షకు పెడితే, ఈ జబ్బును ఆపాల్సింది పని పద్ధతిని నిర్ణయించే చోటనే అని తేలుతుంది.

అపోహ 1: తిమ్మిర్లు కష్టం చేసేవాళ్లకు మామూలే. రాత్రి నిద్రపోతే పోతాయి.

వాస్తవం: మొదట్లో నిజంగానే పోతాయి. మోసమంతా అక్కడే ఉంది. నరం దెబ్బతింటున్నప్పుడు మొదట పని దిగాక కాసేపు జివ్వుమంటుంది. తర్వాత అర్ధరాత్రి నిద్ర లేపుతుంది. ఆ తర్వాత స్పర్శే మందగిస్తుంది. ఈ జబ్బు ముదిరిన తీరును కొలవడానికి 1986లో రూపొందించిన స్టాక్‌హోమ్ స్కేల్, వచ్చి పోయే మొద్దుబారడాన్నే నరాల దెబ్బకు తొలి మెట్టుగా లెక్కిస్తుంది. ఆ మెట్టు మీద ఉండగా అదురుకు దూరం చేస్తే చేయి కోలుకునే అవకాశం ఉంది. స్పర్శ పోయాక దాన్ని పూర్తిగా తిరిగి తెచ్చే మందు లేదు. ‘ఇరవై ఏళ్లుగా కాంక్రీటు పగలగొట్టే బ్రేకర్ కొడుతున్నవాళ్లు బాగానే ఉన్నారు కదా’ అని అడగవచ్చు. అందరి శరీరం ఒకేలా తట్టుకోదన్నది నిజమే. కానీ చేయి చెడినవాడు సైటు మానేసి ఊరికి వెళ్లిపోతాడు, లేదా వేరే పనిలో చేరతాడు. సైటులో మన కంటికి కనబడేది తట్టుకున్నవాళ్లే. వాళ్లను చూసి ప్రమాదం లేదనుకోవడం, వెళ్లిపోయినవాళ్లను లెక్కలోంచి తీసేయడమే.

అపోహ 2: ఇది చలి దేశాల జబ్బు. మన ఎండల్లో రాదు.

వాస్తవం: ఈ నమ్మకానికి ఒక చరిత్ర ఉంది. 1918లో అమెరికా వైద్యురాలు ఆలిస్ హామిల్టన్ ఇండియానా రాష్ట్రంలోని బెడ్‌ఫర్డ్‌లో గాలి సుత్తులతో సున్నపురాయి చెక్కే పనివాళ్లను పరిశీలించారు. చలి ఉదయాల్లో వాళ్ల వేళ్లు రక్తం ఇంకిపోయినట్టు తెల్లగా పాలిపోయేవి. ఉలి పట్టే ఎడమ చేతికే దెబ్బ ఎక్కువగా తగిలేది. అప్పటి నుంచి ‘తెల్ల వేలు’ ఈ జబ్బుకు గుర్తుగా నిలిచిపోయింది. అయితే వేలు తెల్లబడడం జబ్బులో ఒక పాయ మాత్రమే. అదురు వల్ల అతిగా బిగుసుకునే గుణం పట్టిన రక్తనాళాన్ని చలి ముడుచుకునేలా చేస్తుంది. నరాల దెబ్బకు చలితో పని లేదు. అందుకే ఉష్ణ దేశాల్లో వేళ్లు తెల్లబడడం అరుదుగా కనిపించి, తిమ్మిరి, మొద్దుబారడం, పట్టు తగ్గడం ముందుకొస్తాయి. తెల్ల వేలి కోసమే వెతికితే మన కార్మికుల్లో జబ్బు లేదనే అనిపిస్తుంది. పైగా చలి మనకు బొత్తిగా లేనిదీ కాదు. ఆదిలాబాద్ వైపు శీతాకాలం పొద్దుట పది డిగ్రీల లోపు చలిలో బండి మీద సైటుకు చేరే చేతులు అప్పటికే బిగుసుకుపోయి ఉంటాయి. గాలితో నడిచే బ్రేకర్ వదిలే గాలి కూడా చల్లగానే ఉంటుంది.

అపోహ 3: ప్రమాదమంతా పెద్ద బ్రేకర్‌తోనే. చిన్న మిషన్లతో ఏమీ కాదు.

వాస్తవం: చేతికి చేరే మోతాదును రెండు కలిసి నిర్ణయిస్తాయి: అదురు తీవ్రత, అది సాగిన సమయం. తీవ్రతను త్వరణంగా, అంటే సెకను వర్గానికి ఇన్ని మీటర్లని కొలుస్తారు. యూరోపియన్ యూనియన్ 2002 నాటి ఆదేశం ఎనిమిది గంటల పనిదినానికి సగటున 2.5 దాటితే నివారణ చర్యలు మొదలుపెట్టాలనీ, 5 దాటనివ్వకూడదనీ నిర్దేశించింది. బ్రిటన్ 2005లో ఇవే అంకెలను చట్టంలో పెట్టింది. ఈ లెక్కలో తీవ్రత రెట్టింపైతే అనుమతించే సమయం సగం కాదు, నాలుగో వంతుకు పడిపోతుంది. 12 తీవ్రత ఉన్న బ్రేకర్ సుమారు 20 నిమిషాల్లో మొదటి గీతను, గంటన్నర లోపే రెండో గీతను దాటిస్తుంది. అదే 6 తీవ్రత ఉన్న గ్రైండర్‌ను రోజుకు ఆరు గంటలు నడిపితే సగటు 5 దాటిపోతుంది. ఆ బ్రేకర్‌ను ఒక్క గంట వాడినవాడి కంటే ఆ గ్రైండర్ పట్టినవాడికే ఎక్కువ మోతాదు ఎక్కుతుంది. ‘రోజంతా మిషన్ చేతిలో ఉన్నా స్విచ్ నొక్కి ఉంచేది కాసేపే కదా’ అనే అభ్యంతరం సరైనదే. లెక్కించాల్సింది ఆ నొక్కిన సమయాన్నే. కాబట్టి దాన్ని గడియారం పెట్టి కొలవాలి, అంచనాకు వదిలేయకూడదు. తయారీదారు పుస్తకంలో ఇచ్చిన అంకె కంటే సైటులో అసలు అదురు ఎక్కువగా ఉండడమూ సాధారణమే. మొండిబారిన ఉలి, అరిగిన బుష్, వంగిన డిస్క్ దాన్ని మరింత పెంచుతాయి.

అపోహ 4: మంచి గ్లవ్స్ వేసుకుని మిషన్‌ను గట్టిగా పట్టుకుంటే చాలు.

వాస్తవం: అదురును ఆపుతాయని అమ్మే గ్లవ్స్ ముఖ్యంగా ఎక్కువ వేగపు కంపనాలనే తగ్గిస్తాయి. బ్రేకర్ దెబ్బలు సెకనుకు కొన్ని పదులు మాత్రమే. ఆ నెమ్మది అదురు మెత్తను దాటుకుని నేరుగా చేతిలోకి వెళుతుంది. అరచేతికి దొరికే కాస్త రక్షణ వేళ్లకు దొరకదు. మెత్త మందమైతే పిడి మీద పట్టు జారుతుందని మనిషి ఇంకా బిగించి పట్టుకుంటాడు. బిగింపు పెరిగినకొద్దీ ఎముకల దాకా ఎక్కే అదురు పెరుగుతుంది, వేళ్లకు రక్తం తగ్గుతుంది. గ్లవ్స్ అవసరమే. గాయాల నుంచి కాపాడతాయి, చలిలో చేతిని వెచ్చగా ఉంచుతాయి. అంతకు మించి వాటిని నమ్ముకోకూడదు. మిషన్‌ను దాని బరువుతోనే పని చేయనివ్వాలి, ఉలిని పదునుగా ఉంచాలి, అదురు తగ్గించే పిడి ఉన్న మిషన్లు కొనాలి. పొగ తాగడం రక్తనాళాలను ముడుచుకునేలా చేస్తుంది గనుక ఆ మాట కూలీలకు చెప్పాల్సిందే. కానీ ఆ ఒక్కటి చెప్పి చేతులు దులుపుకోవడానికి లేదు.

అపోహ 5: ఇవన్నీ పాటిస్తే పని సాగదు. మిషన్ పట్టకుండా కాంక్రీటు ఎలా పగులుతుంది?

వాస్తవం: అసలు ఆ కాంక్రీటును చేత్తో పగలగొట్టాల్సిన అవసరం ఎందుకొచ్చిందో ముందు అడగాలి. పైల్ చిప్పింగే చూడండి. నేలలోకి దింపే పునాది స్తంభమైన పైల్‌ను కావాల్సిన మట్టం కంటే ఎత్తుగా పోస్తారు, ఆ పై భాగాన్ని తర్వాత కొట్టేస్తారు. గుంటలో ఒరిగి, బరువైన బ్రేకర్‌ను రొమ్ము ఎత్తున అడ్డంగా ఎత్తిపట్టి కొట్టే మనిషికి నేల ఆసరా కూడా ఉండదు. బరువూ అదురూ రెండూ చేతుల మీదే. కాంక్రీటు పోయకముందే ఆ మట్టం పైనున్న కడ్డీలకు కాంక్రీటు అంటకుండా తొడుగులు వేస్తే, తర్వాత ఒక పగులు తెప్పించి ఆ ముక్కను క్రేన్‌తో ఎత్తేయవచ్చు. లేదా హైడ్రాలిక్ క్రాపర్‌తో కొరికించవచ్చు. ప్లాస్టరింగ్ పట్టు కోసం స్తంభాలకు గాట్లు పెట్టే హ్యాకింగ్ బదులు బాండింగ్ కోటు ఉంది. స్లాబుకు రంధ్రాలు పెట్టాలంటే పోయడానికి ముందే స్లీవ్‌లు పెట్టవచ్చు. ఇవేవీ కూలీ చేతిలో ఉన్న నిర్ణయాలు కావు. డ్రాయింగ్ గీసినవారూ, టెండరు రాసినవారూ, కాంట్రాక్టరూ తీసుకోవాల్సినవి.

ఖర్చు పెరుగుతుందన్నది గట్టి అభ్యంతరమే. చిన్న కాంట్రాక్టరు క్రాపర్ కొనలేడు. కానీ స్లీవ్ ముక్కకు పెద్ద ఖర్చు లేదు, ఉలికి సాన పట్టించడానికి అసలే లేదు. మనుషులను మార్చి మార్చి మిషన్ పట్టించడం ఒకరి మోతాదును తగ్గిస్తుంది, అది తాత్కాలిక ఉపాయం మాత్రమే. ఖర్చును వాయిదా వేస్తే ఏమవుతుందో బ్రిటన్ బొగ్గు గనులు చూపించాయి. ఈ జబ్బుకు అక్కడ పెట్టిన పరిహార పథకానికి లక్షకు పైగా దరఖాస్తులు వచ్చాయి. మన దగ్గర 1998 నాటి నిర్మాణ కార్మికుల కేంద్ర నిబంధనలు శబ్దానికి అంకెల్లో పరిమితి పెట్టాయి, కంపనం నుంచి కాపాడాలన్నాయి గానీ దానికి అంకె ఇవ్వలేదు. అంకె లేని చోట బాధ్యత జారిపోతుంది, ఆ ఖర్చు కూలీ వేళ్లే కడతాయి. చిప్పింగ్ మిషన్ ఇచ్చే ముందు ఇంజినీరు మూడు ప్రశ్నలకు జవాబు రాసి పెట్టాలి: ఈ పని మిషన్ లేకుండా జరగదా, ఈ మిషన్ అదురు ఎంత, ఈ మనిషి దీన్ని ఈ రోజు ఎన్ని నిమిషాలు నొక్కుతాడు. సాయంత్రం మేస్త్రీ అడగాల్సింది ఒక్కటే: వేళ్లలో తిమ్మిరి ఉందా? ఉందన్నవాడి పని మార్చాలి, కూలి కోయకూడదు. కూలి పోతుందన్న భయం ఉన్నంతకాలం ఏ చేయీ నిజం చెప్పదు.